ముట్టుకోరాదన్న పత్తి చేను

మొన్న ఆదివారం మా పనిమనిషి బాత్రూం గచ్చు మీద పేరుకున్న తెల్లటి మరకలు పోవడానికి యాసిడ్ పోసింది. హైదరాబాదు బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, ఎంత రుద్దినా గచ్చు మీద ఉప్పు మిగులుతుంది. ఆ ఘాటు హాల్లోకి రాగానే మావారు ముక్కు మూసుకుని బాల్కనీలోకి పరుగెత్తారు. నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టి, ఇంకాస్త గట్టిగా పీల్చాను. "నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నారాయన బయటి నుంచే. నవ్వి ఊరుకున్నాను. నంద్యాలలో మా విత్తనాల కంపెనీలో పత్తి గింజల మీది నూగు పోవడానికి యాసిడ్‌తో కడిగే షెడ్డు ఒకటి ఉండేది. దానికీ మా లీగల్ సెక్షనుకూ మధ్య ఒకే ఒక్క గోడ. తొమ్మిదేళ్లు ఆ గాలి పీల్చుకుంటూ పనిచేశాను. కొత్తగా వచ్చినవాళ్లు దగ్గుతూ ఉంటే మేము పాతవాళ్లం గొప్పగా చూసేవాళ్లం. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముందుగా వినపడేది ఒక గొంతు. "ఏమే పద్మా, రాసినావా?" అని గ్రేసమ్మ మేడం గొంతు.

తొంభైల చివర్లో, లా పాసై ఏడాది పాటు ఆళ్లగడ్డలో మా ఇంటి అరుగు మీద ఈగలు తోలుకున్నాక, నాకు ఆ ఉద్యోగం దొరికింది. ఇంటర్వ్యూ చేసింది గ్రేసమ్మ మేడమే. కంపెనీకి లా ఆఫీసరు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, నలుపు, లేత రంగు నేతచీర, ఎడమచేతికి మగవాళ్లు పెట్టుకునే పెద్ద గడియారం. వాళ్ల నాయన జూపాడు బంగ్లా అనే ఊళ్లో క్రైస్తవ మిషను బడిలో పంతులు. ఆమె కోర్టులో టైపిస్టుగా చేరి, జడ్జీలు చెప్పే తీర్పులు ఏళ్ల తరబడి టైపు కొట్టి, నలభై దాటాక లా చదివి, ఈ కంపెనీకి వచ్చారు. "మీ నాయన ఏం చేస్తాడు?" అన్నారు నన్ను. "రాళ్లు చెక్కుతాడు మేడం, దేవుని బొమ్మలు," అన్నాను. ఆళ్లగడ్డలో ఆ పని చేసేవాళ్ల వీధే ఒకటి ఉంది కాబట్టి నాకది గొప్పగానూ అనిపించేది కాదు, తక్కువగానూ అనిపించేది కాదు. ఆమె మాత్రం తలెత్తి చూశారు. "మంచిది. చెయ్యి జారితే ఏమైతాదో ఇంట్లోనే చూసింటావు. సోమవారం రా." అంతే ఇంటర్వ్యూ. నేను కంఠస్థం చేసుకుని పోయిన సెక్షన్లన్నీ కడుపులోనే ఉండిపోయాయి.

మా సెక్షను పని బయటివాళ్లకు విచిత్రంగా ఉంటుంది. మేము లాయర్లమే, కానీ కోర్టుకు పోము. నంద్యాల, ఆళ్లగడ్డ, కర్నూలు, హైదరాబాదుల్లో కంపెనీ తరఫున వాదించే బయటి వకీళ్లుంటారు. ఏ కేసులో ఏం చెయ్యాలో, ఏం అడగాలో వాళ్లకు రాసి పంపడమే మా పని. దాన్ని ఇన్‌స్ట్రక్షన్ అనేవాళ్లం. మొదటివారం మేడం నాకొక చిన్న కేసు ఇచ్చారు. బనగానపల్లెలో ఒక వ్యాపారి మా కంపెనీ ఖాళీ సంచుల్లో తన గింజలు పోసి అమ్ముతున్నాడు. వకీలుకు ఇన్‌స్ట్రక్షన్ రాయమన్నారు. నేను రెండు పేజీల ఇంగ్లీషు దంచాను. పుస్తకంలో ఉన్న పెద్దమాట ఒక్కటీ వదల్లేదు. ఆమె అది చదవను కూడా చదవలేదు. క్యాంటీనులో టీ కాచే ఖాదరన్నను పిలిచి నా ఎదురుగా కూచోబెట్టారు.

"ఖాదర్, ఈ పాప ఏందో రాసింది. నీకు చెప్తాది, ఇను."

నాకు తల కొట్టేసినట్టయింది. లా చదివింది టీ కాచేవాళ్లకు పాఠం చెప్పడానికా? అయినా చెప్పాను. ఖాదరన్న గ్లాసులు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, శ్రద్ధగా విని, ఒకే ఒక్క మాట అడిగాడు. "అయితేమ్మా, ఆ యాపారస్తుడు రేపు పొద్దున లేసినాక ఏం చేయగూడదు?" మా సంచులు వాడకూడదన్నాను. "మరి ఆయప్ప సంచుల్లో ఆయప్ప గింజలు అమ్ముకోవచ్చు గదా?" అమ్ముకోవచ్చన్నాను. "అది రాసినావా?" నేను కాగితం చూసుకున్నాను. రాయలేదు. నేను రాసినట్టు కోర్టు ఉత్తర్వు ఇస్తే ఆ మనిషి అంగడి తలుపే తీయలేడు. మేడం నవ్వలేదు, కోప్పడలేదు. "ఒక పేజీలో రాయి," అన్నారు. అప్పటినుంచి మా సెక్షనులోంచి బయటికి పోయే ప్రతి ఇన్‌స్ట్రక్షనూ ముందు ఖాదరన్నకు చెప్పాల్సిందే. రేపు పొద్దున లేచినాక అవతలి మనిషి ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది ఆయన తిరిగి చెప్పగలిగితేనే కవరు అంటించేది. ఆ తర్వాత మేడం వకీలుకు ఫోను చేసి, "కాయితం అందింది గదా? ఇప్పుడు నువ్వు జెప్పు, నేనింటా," అని ఆయన చేత కూడా ఒప్పజెప్పించుకునేవారు. తల నెరిసిన వకీళ్లు బడిపిల్లల్లా ఫోన్లో ఎక్కాలు అప్పగించడం నేను చెవులారా విన్నాను. వెనకాల ఏమనుకునేవాళ్లో గానీ, ఆమెకు మాత్రం ఎదురు చెప్పేవాళ్లు కాదు.

నాలుగైదేళ్లు గడిచాక హెడ్డాఫీసు వాళ్లు మాకొక సాఫ్ట్‌వేరు పంపారు. అప్పట్లో కంప్యూటరు గదికి ఏసీ ఉండేది, చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి, గర్భగుడిలోకి పోయినట్టు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు మాకు రెండు రోజులు నేర్పించాడు. కేసు నంబరు కొట్టు, వకీలు పేరు ఎంచుకో, పని ఏ రకమో ఎంచుకో. నోటీసు, దావా, స్టే, అప్పీలు, అన్నీ జాబితాలో ఉన్నాయి. ఎంచుకోగానే హెడ్డాఫీసు పెద్దలు ముందే రాసిపెట్టిన పేరా దానంతటదే వచ్చి కూచుంటుంది. పంపు అని నొక్కితే పచ్చ గుర్తు. వకీలు తెరిచి చూస్తే ఆ పచ్చ నీలం అవుతుంది. కంప్యూటరు లేని వకీళ్ల జూనియర్లు బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరుకు పోయి చూసుకునేవాళ్లు. మేడం విసుక్కుంటారనుకున్నాం. ఏమీ లేదు. కీబోర్డు మీద చూపు పెట్టకుండా వడగళ్ల వానలాగా టైపు కొట్టే మనిషి ఆమె, మా అందరికంటే ముందు నేర్చుకున్నారు. "ఇది మంచి మిషనే. దీంట్లో ఒకసారి రాసింది చెరిపేదానికి కాదంట. మనుషులకు లేని గుణం," అన్నారు.

నాకైతే అది దేవుడిచ్చిన వరంలా ఉండేది. ఉన్నమాట చెప్తున్నాను, ఆ జిల్లాలో ఆ సాఫ్ట్‌వేరును నా అంత చురుగ్గా నడిపేవాళ్లు లేరు. ఒకప్పుడు రెండు రోజులు పట్టే ఇన్‌స్ట్రక్షను ఇరవై నిమిషాల్లో పంపేదాన్ని. హెడ్డాఫీసు వాళ్లు మీటింగుల్లో నా పేరు చెప్పేవాళ్లు. పొగడ్త ఎవరికి చేదు? మేడం ఉన్నప్పుడు ఖాదరన్నకు చెప్పేదాన్ని. లేనప్పుడు, ఆ, ఏముందిలే, పేరా రాసింది హైదరాబాదు పెద్దలే కదా, ఖాదరన్న కొత్తగా చెప్పేదేముంది అనుకునేదాన్ని.

ఆ ఏడు కార్తీకమాసంలో మేడం వారం రోజులు సెలవు పెట్టి జూపాడు బంగ్లా పోయారు. వాళ్ల చర్చిలో ఏటా జరిగే కూటాలు, వాళ్లన్నే పాస్టరు. సెల్‌ఫోను ఉన్నా ఆ ఊళ్లో సిగ్నలు లేదు. శుక్రవారం మధ్యాహ్నం హెడ్డాఫీసు నుంచి మా పెద్ద మేనేజరు ఫోను చేశాడు. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఓబులేసు అనే రైతు మా కంపెనీ కోసం విత్తన పత్తి పండిస్తున్నాడు. గింజలు మాకే ఇవ్వాలని ఒప్పందం. వేరే కంపెనీ ఏజెంటు ఒకడు వాళ్లింటికి వచ్చి పోయాడని ఫీల్డు మనిషి రిపోర్టు పంపాడు. "పంట చేయి దాటిపోతుంది. సాయంత్రంలోగా స్టేకు ఇన్‌స్ట్రక్షన్ పోవాలి. నీ మీద నమ్మకం ఉంది," అన్నాడు మేనేజరు. ఆ నమ్మకం అనే మాట చాలు నా కాళ్లు నేల మీద నిలవకపోవడానికి. రైతు పేరు కొట్టాను, ఆళ్లగడ్డ వకీలు ఆఫీసును ఎంచుకున్నాను, జాబితాలో స్టే ఎంచుకున్నాను. పేరా వచ్చి కూచుంది. సదరు సరుకును ప్రతివాది తాకరాదు, కదల్చరాదు, తరలించరాదు. చదివాను. బాగుందనిపించింది. ఖాదరన్న టీ తెచ్చి, "ఏందమ్మా, ఈ పొద్దు నాకు చెప్పవా?" అన్నాడు. "ఇప్పుడు నీకు పని తగ్గిందిలే ఖాదరన్నా, మిషనే చూసుకుంటాది," అని పంపు నొక్కాను. పచ్చ గుర్తు పడింది. పావుగంటలో నీలమైంది. టీ తాగి, నాలుగున్నర బస్సెక్కి ఆళ్లగడ్డలో మా ఇంటికి పోయాను.

సోమవారం స్టే వచ్చింది. బుధవారం కోర్టు అమీనా ఆ కాగితం ఓబులేసుకు అందించాడు. గురువారం పొద్దున మేడం సెలవు నుంచి వచ్చి బ్యాగు బల్ల మీద పెట్టారో లేదో, గేటు నుంచి వాచ్‌మన్ ఒక మనిషిని తీసుకొచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. మాసిన పంచె, ఒక చేతిలో కోర్టు కాగితం, ఇంకో చేతిలో తువాలు మూట. మూట విప్పి మా బల్ల మీద గుప్పెడు పత్తి పోశాడు.

"ఇది నా చేనుది. ముట్టుకోగూడదంట గదా. గాలికి కింద రాలింటే ఎత్తుకోనొచ్చినా. ఇదీ తప్పేనేమో, పోలీసోళ్లకు జెప్పండి."

మేడం కుర్చీ చూపించారు. "కూచో అప్పా. నీ పేరేంది?"

"ఓబులేసు. కూచోను. నేను కూచుంటే వాన ఆగుతాదా? రేడియోలో తుపాను అంటాండారు, శనివారానికి వస్తాదంట. చేను తెల్లగా పగిలి ఉండాది. నా పెండ్లాము, కోడలు గట్టున కూచోని చూస్తాండారు. ఏరితే జైలంటాడు అమీనా. ఏరకుంటే మన్నయితాది. నన్నేం చేయమంటారో మీరే జెప్పండి."

చూడనివాళ్లకు ఆ పంట సంగతి చెప్పాలి. విత్తన పత్తి అంటే మామూలు పత్తి కాదు. ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించాలి, వేల పువ్వులకు, ఎర్రటి ఎండలో. అట్లా పండిన గింజ చెట్టు మీదే వానకు తడిస్తే కాయలోనే మొలక వస్తుంది, లేదా కుళ్లుతుంది. విత్తనానికి పనికిరాదు. ఆరు నెలల చాకిరీ ఒక్క వానతో పోతుంది. హెడ్డాఫీసు పెద్దలు ఆ పేరా రాసింది వ్యాపారుల గోడౌన్ల కోసం. గోడౌన్లో మూటను తాకరాదంటే మూటకేమీ కాదు, ఏడాదైనా అట్లాగే ఉంటుంది. పగిలిన పత్తిని తాకరాదంటే చేను చచ్చిపోతుంది. అన్నేళ్లు విత్తనాల కంపెనీలో పనిచేసి, మా షెడ్డు పక్కనే కూచుని, ఆ ముక్క నాకు తట్టలేదు.

మేడం కోర్టు కాగితం చివరి దాకా చదివారు. "ఆ ఏజెంటు మీ ఇంటికి వచ్చినాడా?" అని అడిగారు. "వచ్చినాడు. ఇంటికొచ్చినోనికి కాపీ ఇచ్చినాం. తాగి పోయినాడు. కాపీ ఇస్తే కేసా?" అన్నాడాయన. మేడం నా వైపు తిరిగారు. "పద్మా, ఇది ఎవురు పంపినారు?" నేనే అన్నాను. "ఖాదర్‌కు చెప్పినావా?" లేదన్నాను. తిడితే ఏడ్చి, ఆ ఏడుపుతో కొంత కడిగేసుకునేదాన్ని.

ఓబులేసును క్యాంటీనుకు పంపి, హెడ్డాఫీసుకు ఫోను చేశారు. మేనేజరు గొంతు నాకు కూడా వినబడేంత గట్టిగా ఉంది. "స్టే వచ్చింది, మనకు మంచిదే కదా గ్రేసమ్మగారూ. తప్పయిందని కోర్టులో మనమే చెప్తే రేపు ప్రతి రైతూ ఆ కాగితం పట్టుకుని తిరుగుతాడు. కొన్నాళ్లు ఊరుకోండి. మరీ అయితే ఆ రైతే ఒక వకీలును పెట్టుకుని వస్తాడు." మేడం మెల్లగా అన్నారు, "కొన్నాళ్లు ఊరుకుంటే పత్తి ఊరుకోదు సార్. నా జిల్లా కేసులకు ఇన్‌స్ట్రక్షను పంపే అధికారం నాకుంది. పంపుతాండా. మీరు వద్దని రాసిస్తే అది కూడా మిషన్లో పెట్టండి, ఉంటాది." అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆమెకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. ఇద్దరు తమ్ముళ్ల పిల్లల చదువులు ఆ జీతం మీదే నడిచేవి. ఆ సంగతి నాకు తెలుసు, మేనేజరుకూ తెలుసు.

కంప్యూటరు గదిలో నన్ను కుర్చీలో కూచోబెట్టి ఆమె వెనక నిలబడ్డారు. "రాయి," అన్నారు. రైతు పత్తి ఏరుకోవచ్చు. తన ఇంట్లోనే ఆరబెట్టుకుని నిలవ చేసుకోవచ్చు. కేసు తేలేదాకా బయటివాళ్లకు మాత్రం అమ్మకూడదు. రేపు పొద్దున్నే కోర్టులో ఈ మార్పు అడగండి. నాలుగు ముక్కలు. తయారు పేరా తీసేసి, ఒక్కో మాట నేనే కొట్టాను. అప్పుడు ఆ సాఫ్ట్‌వేరు ఒక గడి తెరిచింది. ఇన్‌స్ట్రక్షను మార్చడానికి కారణం చెప్పందే అది ముందుకు పోనివ్వదు. దానికీ ఒక జాబితా ఉంది. పరిస్థితులు మారాయి. కొత్త సమాచారం అందింది. వకీలు సలహా మేరకు. ఇతరములు. నా వేలు దానంతటదే పరిస్థితులు మారాయి అన్నదాని మీదికి పోయింది.

"ఏం మారినాయే?" అన్నారు మేడం. "పత్తి మారిందా? వాన మారిందా?"

వేలు వెనక్కి తీసుకున్నాను. వకీలు సలహా మేరకు అందామా అని మనసు లాగింది, ఆ వంకర బుద్ధి కూడా చెప్పేయాలి. ఆమెకు తెలిసిపోయినట్టుంది. "నీ తప్పు ఇంకోరి నోట్లో పెట్టొద్దు. కిందదాన్ని నొక్కి రాయి." ఇతరములు నొక్కాను. తెల్లటి గడి వచ్చింది. గోడౌనుకు రాసిన పేరాను చేనుకు ఎట్లా వర్తిస్తుందో ఆలోచించకుండా పంపాను, పొరపాటు నాది, అని కొట్టి పేరు రాశాను. ఆ వాక్యం నా చేతులతో నేను కొట్టిన అన్ని వాక్యాల్లోకీ బరువైనది. మేడం ముందుకు వంగి తన పాస్‌వర్డు కొట్టి ఆమోదించారు. వకీలుకు ఫోను చేసి, ఎప్పటిలాగే, "ఇప్పుడు నువ్వు జెప్పు, నేనింటా," అన్నారు.

శుక్రవారం ఆళ్లగడ్డ కోర్టు వరండాలో మా వకీలు తల పట్టుకున్నాడు. "మేడం, మనం తెచ్చుకున్న స్టేను మనమే సగం వద్దంటే జడ్జి నవ్వుతాడు." "నవ్వనీలేప్పా. పత్తి తడిసేదానికంటే అది నయం గదా," అన్నారు మేడం. జడ్జి నవ్వలేదు. కాగితం రెండుసార్లు చదివి, ఈ తాకరాదన్న మాట రాసిందెవరని అడిగాడు. వకీలు వెనక్కి చూశాడు. నేను లేచి నిలబడ్డాను. "చదవకుండా పంపారా?" అన్నాడాయన. "చదివే పంపానండి. ఏమవుతుందో ఆలోచించలేదు," అన్నాను. ఆయన కలం మూత తీశాడు. "ఏరుకోవచ్చు, నిలవ చేసుకోవచ్చు, బయట అమ్మకూడదు. ఇదే కదా కావలసింది? ఇది మొదటే అడిగి ఉంటే అందరికీ శ్రమ తప్పేది." పదకొండు గంటలకల్లా అయిపోయింది. కానీ ఉత్తర్వు నకలు చేతికి రావడానికి సోమవారం అవుతుందన్నారు కోర్టు గుమాస్తాలు. బయటికి వచ్చి చూస్తే నల్లమల వైపు ఆకాశం నల్లబడి ఉంది.

కంపెనీ జీపులో పల్లెకు పోయాం. ఓబులేసు చేను గట్టు మీదే ఉన్నాడు, పక్కన భార్య, కోడలు, కూలికి పిలుచుకున్న ఏడెనిమిది మంది ఆడవాళ్లు, ఒడిలో ఖాళీ సంచులు పెట్టుకుని. మేడం కోర్టు చెప్పింది చెప్పారు. ఆయన కదల్లేదు.

"కాయితం యాడ?"

"సోమవారం వస్తాదప్పా."

"అయితే సోమవారం ఏరుతా. నోటిమాట నమ్మి చెయ్యి పెడితే, రేపు మళ్లా అమీనా వచ్చి జైలంటే ఎవురు చెప్తారు? మొన్నటి కాయితం కూడా మీ కంపెనీదే గదా."

ఆడవాళ్లు ఆకాశం వైపు చూశారు. చల్లటి గాలి మొదలైంది. మేడం బతిమాలలేదు. పక్కకు జరిగి నిలబడ్డారు, అంతే. ఆయన చూపు నా మీద పడింది. కోర్టు కాగితం జేబులోంచి తీసి, "దీంట్లో ఈ ముట్టుకోగూడదనే మాట రాసిందెవురు?" అన్నాడు.

"నేనే," అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. తిడతాడనుకున్నాను. "నువ్వా? మూడు రోజులనుంచి ఈ కాయితమంతా ఎతుకుతాండా. కంపెనీ పేరుండాది, వకీలు పేరుండాది, నా పేరుండాది. రాసిన మనిషి యాడా లేడు. నీ పేరేంది?"

"పద్మావతి."

"యా ఊరు?"

"ఆళ్లగడ్డే. మా నాయన బొమ్మలు చెక్కుతాడు." వీధి పేరు చెప్పాను.

ఆయన ఆ కాగితం వెనక్కి తిప్పి నా ముందు పట్టుకున్నాడు. "అట్లయితే ఏరుకోవచ్చని దీనెనక రాసియ్యి. కింద నీ పేరు, మీ నాయన పేరు, ఊరు రాయి. కంపెనీ పేరొద్దు. కంపెనీ యాడుంటాదో నాకు తెల్దు, ఎవుర్ని పోయి అడిగేది? నువ్వయితే ఉంటావు. తేడా వస్తే మీ వీధికొచ్చి నిన్నడుగుతా."

జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాను. పత్తి ఏరుకోవచ్చు, ఇంట్లో పెట్టుకోవచ్చు, దీనికి నేను జవాబుదారీ, అని రాసి పేరు, నాయన పేరు, ఊరు పెట్టాను. ఆయన దాన్ని కోడలి చేత రెండుసార్లు చదివించుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గట్టు మీదున్నవాళ్లను చూసి, "ఏందట్ల చూస్తాండారు? దిగండి బిరీనా!" అని అరిచాడు. ఆడవాళ్లు ఒక్కసారిగా చేలోకి దిగారు. చీర కొంగు బిగించి నేనూ దిగాను. పత్తి ఏరడం నాకు చేతకాదు, వేళ్లు గీరుకుని రక్తం వచ్చింది, పక్క సాలులో ముసలామె నన్ను చూసి ఒకటే నవ్వు. గ్రేసమ్మ మేడం కూడా దిగారు. ఆమెకు బాగా వచ్చు, చిన్నప్పుడు బడి సెలవుల్లో కూలికి పోయేవారంట. ఆరు దాకా ఏరాం. వాళ్లు మర్నాడు తెల్లారకముందే మళ్లీ మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నం కుండపోత. అప్పటికి చేను నాలుగు వంతుల్లో మూడు వంతులు ఇంటికి చేరింది. పోయింది పోయింది, ఆ పావు వంతు నా ఖాతాలోనే ఉంది, ఎప్పటికీ. మిగిలిన గింజలు ఆయన మా కంపెనీకే ఇచ్చాడు. కేసు ఎత్తేశారు.

ఆ శుక్రవారం సాయంత్రం జీపులో తిరిగొస్తూ మేడం మీద నాకు చిరాకు కూడా వచ్చింది, దాచడమెందుకు. "మేడం, మీరు పెద్ద ఆఫీసరు, మీరు రాసిచ్చినా ఆయన ఒప్పుకునేవాడు. నన్నెందుకు ముందుకు తోసినారు?" అని అడిగేశాను. ఆమె చేతికి అంటిన దూది గిల్లుకుంటూ అన్నారు, "నేను రాసిస్తే నువ్వు నా ఎనకాల దాక్కుంటావే. ఒకసారి దాక్కున్నోళ్లు బతుకంతా ఎవురిదో ఒకరి ఎనక చూసుకుంటానే ఉంటారు. నాకు అసిస్టెంట్లు చానామంది వచ్చినారు, పోయినారు. ఒక లాయరయినా తయారు కావల్ల గదా." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నారు, నేను ముఖం తుడుచుకునేదాకా. పదిరోజుల తర్వాత ఇద్దరికీ మెమోలొచ్చాయి. ఆమోదించే అధికారం ఆమె దగ్గర తీసేసి హైదరాబాదుకు మార్చారు. ఆమె మెమో చదివి, ఫైల్లో పెట్టి, ఖాదరన్నను టీ తెమ్మన్నారు. ఉన్న రెండేళ్లూ అదే కుర్చీలో, అదే గొంతుతో పనిచేశారు. ఆమె పోయి ఇప్పటికి ఆరేళ్లు. జూపాడు బంగ్లాలో సమాధి దగ్గర నిలబడ్డప్పుడు, ఈమె లేకపోతే నేను తెలివైనదాన్నే అయ్యేదాన్ని, అంతకంటే ఏమీ అయ్యేదాన్ని కాను అనిపించింది.

ఇప్పుడు నేను ఇంకో కంపెనీలో లీగల్ విభాగానికి పెద్దని. నా కింద పద్నాలుగు మంది ఉన్నారు, దేశమంతా వకీళ్లు ఉన్నారు. సాఫ్ట్‌వేరు ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు, ఇప్పటిదైతే పేరానే కాదు, ఉత్తరం మొత్తం తానే రాసిస్తానంటుంది. నాకు దాని మీద ఏ కోపమూ లేదు, బాగా వాడుకుంటాను. పంపినవారు అనే చోట విభాగం కోడు చాలు, మనిషి పేరు అక్కర్లేదని ఐటీ వాళ్లు రెండుసార్లు నాకు వివరించారు. రెండుసార్లూ వాళ్లకు కాఫీ ఇచ్చి పంపాను. మా ఇన్‌స్ట్రక్షన్ల కింద రాసిన మనిషి పేరు, ఊరు, ఫోను నంబరు ఉంటాయి. వకీళ్లు పంపే నోటీసులోనూ అవి ఉండాలని షరతు. మా ఆఫీసు పిల్లలు మొదట్లో గొణిగారు, ఇప్పుడు అలవాటుపడ్డారు. దానివల్ల ఫోన్లు వస్తాయి. ఎవరెవరో, ఎక్కడెక్కడినుంచో. దండం పెట్టడానికి చేసేవాళ్లు తక్కువ, తిట్టడానికి చేసేవాళ్లే ఎక్కువ. పోయిన బుధవారం ఒక పెద్దాయన మా సీమ గొంతుతో, హలో అని కూడా అనకుండా, "ఈ కాయితంలో పద్మావతి అని పేరుండాది, ఎవురామె?" అని అరిచాడు. గదిలో మీటింగు నడుస్తోంది. లేచి బయటికి వచ్చాను.

"నేనేప్పా. నేనే రాసినా. జెప్పు, ఇంటా," అన్నాను.